గెలిచేవాణ్ణి కాదు, దెబ్బ తినేవాణ్ణి చూడు

చిరంజీవి అల్లుడికి,

రెజ్లింగ్ అంతా ఫేక్ అని నీ ఫ్రెండ్స్ నవ్వారని, అప్పటినుంచి టీవీలో అది వస్తే ఛానెల్ మార్చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ముప్పై ఏళ్లుగా చూస్తున్నవాణ్ణి కదా, మనసు ఊరుకోక రాస్తున్నాను.

వాళ్లతో వాదించకు. ఎవరు గెలవాలో ముందే నిర్ణయిస్తారు, అది నిజమే. ఒకప్పుడు ఆ గుట్టును ప్రాణంలా కాపాడుకునేవాళ్లు, దానికి 'కేఫేబ్' అని వాళ్లలో ఒక పేరు కూడా ఉంది. 1989లో మాత్రం ఈ రెజ్లింగ్ షోలు నడిపే అప్పటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) కంపెనీయే అమెరికాలోని న్యూజెర్సీ చట్టసభ ముందు మాది పోటీ కాదు, వినోదం అని చెప్పేసింది. ఆటలకు పెట్టే ప్రభుత్వ నియంత్రణ తమకు వద్దనుకుంది.

అలాగని ఫేక్ అనే మాటను మాత్రం ఒప్పుకోకు. రింగులో ఇనుప దూలాల మీద చెక్కలు, వాటి మీద పలచటి ఫోమ్, పైన కాన్వాస్, అంతే. దాని మీద వెల్లకిలా పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించాలి, తల తగలకూడదు, దెబ్బ వీపంతా పరుచుకోవాలి. కొంచెం తేడా వచ్చినా ప్రమాదమే. 1997లో సమ్మర్‌స్లామ్ అనే పెద్ద షోలో ఓవెన్ హార్ట్ అనే రెజ్లర్ పైల్‌డ్రైవర్ (తలకిందులుగా పట్టుకుని కిందికి దించే దెబ్బ) వేసినప్పుడు, ప్రత్యర్థి స్టీవ్ ఆస్టిన్ తల నేరుగా కిందికి తగిలింది. కాసేపు అతనికి కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ మెడ అతన్ని ఏళ్ల తరబడి బాధపెట్టింది. అందుకే ఇంట్లో మంచం మీద కూడా ఎవరినీ ఎత్తి పడేయకు, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను.

ఇక చూసే పద్ధతి. మనకు కొట్టేవాడి మీదే కన్ను ఉంటుంది. నువ్వు దెబ్బ తినేవాణ్ణి చూడు. మూడో నిమిషంలో మోకాలికి తగిలిందనుకో, పదిహేనో నిమిషంలో కూడా ఆ కాలు ఈడుస్తున్నాడా? దీన్నే 'సెల్లింగ్' అంటారు. అది మరిచిపోయి పరుగెత్తేవాడు ఎంత కండలున్నవాడైనా నాకు నచ్చడు. ఎత్తేటప్పుడు కూడా గమనించు, పైకి లేచేవాడు తనే కొంచెం ఎగిరి సాయం చేస్తాడు, ఎత్తినవాడు అతని తలకు దెబ్బ తగలకుండా చూసుకుంటాడు. 1987లో మూడో రెజిల్‌మేనియాలో, అంటే ఆ కంపెనీ ఏటా పెట్టే అతి పెద్ద షోలో, హల్క్ హోగన్ 200 కిలోలు దాటిన ఆంద్రే ది జెయింట్‌ను ఎత్తి పడేశాడు. వీపు నొప్పితో బాధపడుతున్న ఆంద్రే సహకరించకపోతే అది జరిగే పని కాదు. ఓడిపోయిన ఆ మనిషే నాకు పెద్దవాడుగా కనిపిస్తాడు.

ఫలితాలు ముందే ఫోన్‌లో చూడకు. 2014లో, రెజిల్‌మేనియాలో అప్పటికి 21 మ్యాచ్‌లు గెలిచి ఒక్కటీ ఓడని అండర్‌టేకర్‌ను బ్రాక్ లెస్నర్ ఓడించినప్పుడు, ఇది రాసిపెట్టిందేనని తెలిసీ నా మనసు ఆ రోజంతా మనసులో లేదు.

నువ్వు మళ్లీ మొదలుపెట్టాలంటే నా మాట విని ఒకే ఒక్క మ్యాచ్ చూడు. 1997 మార్చిలో పదమూడో రెజిల్‌మేనియా, బ్రెట్ హార్ట్, స్టీవ్ ఆస్టిన్. వచ్చేటప్పుడు బ్రెట్ మంచివాడు, ఆస్టిన్ విలన్. చివర్లో ఆస్టిన్ ముఖమంతా రక్తం, బ్రెట్ వేసిన షార్ప్‌షూటర్ అనే కాళ్ల పట్టులో ఇరుక్కుని కూడా ఓటమి ఒప్పుకోడు, స్పృహ తప్పుతాడు. మ్యాచ్ అయిపోయాక కూడా బ్రెట్ అతన్ని వదలడు. సాయం చేయబోయినవాళ్లను కాదని ఆస్టిన్ తనే నడిచి వెళ్తుంటే జనం అతని పేరే అరుస్తారు. బ్రెట్ తిట్లు తింటూ వెళ్తాడు. ఒక్క మ్యాచ్‌లో ఇద్దరి స్థానాలూ తారుమారు! అంతమంది మనసు మార్చడానికి ఎంత పనితనం కావాలో ఆలోచించు.

మొదటిసారి సౌండ్ పెట్టి చూడు. రెండోసారి మ్యూట్‌లో పెట్టి, బ్రెట్ ముఖం మాత్రమే చూడు. జనం తనవైపు లేరని అతనికి ఏ క్షణంలో తెలిసినట్టు అనిపించిందో నాకు రాయి. నాకొక క్షణం అనిపించింది, నీది తెలిశాక చెబుతాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య