ఎం-స్పైక్ దిగింది, గడ్డ లేచింది

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. రెండేళ్లుగా మల్టిపుల్ మైలోమాకు (మూలుగలో పుట్టే రక్త క్యాన్సర్) మందులు వాడుతున్నారు. రక్తపరీక్షలో ఎం-స్పైక్ అనే అంకె 2.8 నుంచి 0.6కు దిగింది. కానీ నెల రోజులుగా పక్కటెముక మీద నిమ్మకాయంత గడ్డ. పెట్-సీటీ (చక్కెరను ఎక్కువగా పీల్చే చోట్లు వెలుగుగా కనిపించే స్కాన్), ముక్క పరీక్ష (బయాప్సీ) రాశారు. జబ్బు తగ్గుతుంటే ఇదెక్కడిది? నాలుగో స్టేజీ అనుకోవాలా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మైలోమాకు ఎక్కువగా వాడే లెక్కలో నాలుగో స్టేజీ లేదమ్మా, ఉన్నవి మూడే. రక్తంలోని బీటా-2 మైక్రోగ్లోబులిన్, ఆల్బుమిన్, ఎల్‌డీహెచ్ (కణాలు దెబ్బతిన్నప్పుడు పెరిగే ఎంజైమ్) మోతాదులు, క్యాన్సర్ కణాల జన్యు మార్పులను బట్టి లెక్క కడతారు.

మైలోమాలో క్యాన్సర్‌గా మారేవి మూలుగలోని ప్లాస్మా కణాలు. అవి బయటపడే దారులు రెండు. ఎముక పైపొరను తొలుచుకుని పక్కనున్న కండలోకి గడ్డగా పెరగడం ఒకటి. రక్తంలో కొట్టుకుపోయి కాలేయం, చర్మం, ఊపిరితిత్తుల పొర లాంటి చోట్ల ఎముకతో పొత్తు లేకుండా మకాం వేయడం రెండోది. మొండిది రెండోదే. మీరు చెప్పిన గడ్డ మొదటి రకంలా ఉంది గానీ, స్కాన్‌లోనే తేలాలి.

ఎం-స్పైక్ అనేది ఆ కణాలు రక్తంలోకి వదిలే ప్రొటీన్ కొలత. బయటికొచ్చిన కణాలు కొన్నిసార్లు ఆ ప్రొటీన్ తయారీ తగ్గించేస్తాయి. అంకె దిగుతుంది, గడ్డ పెరుగుతుంది. అందుకే ఫ్రీ లైట్ చెయిన్లు (ఆ ప్రొటీన్ తునకలు), ఎల్‌డీహెచ్ కూడా చూడాలి. ఎల్‌డీహెచ్ పైకి పోతుంటే ఎం-స్పైక్ తగ్గిందని సంబరపడొద్దు.

ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్న భయంతో వాయిదా వేయకండి. అది మైలోమానా, ఇన్‌ఫెక్షనా, వేరే క్యాన్సరా అని తేల్చేది ఆ ముక్కే. దాని మీదే ఫిష్ (జన్యు మార్పులు చూసే) పరీక్ష కూడా వీలవుతుందా అని అడగండి.

పెట్-సీటీకి ముందు ఆరు గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. షుగర్ 200 లోపు ఉండాలి. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ముందే చెప్పండి, పేగులు వెలిగిపోయి బొమ్మ చెడుతుంది. స్టెరాయిడ్ మందు డెక్సామెథాసోన్ చివరిసారి ఎప్పుడు వేసుకున్నారో కూడా చెప్పాలి. అది షుగర్ పెంచుతుంది, గడ్డ వెలుగును మందగింపజేయగలదు.

గడ్డ మైలోమాదే అయితే సాధారణంగా మందుల జోడింపు మారుస్తారు. రేడియేషన్ గడ్డనూ నొప్పినీ తగ్గిస్తుంది గానీ మిగతా చోట్ల జబ్బును ముట్టదు. 2023లో మన దేశంలో అనుమతి పొందిన నెక్స్‌కార్19 గురించి చాలామంది అడుగుతున్నారు. అది కార్-టీ చికిత్స, అంటే రోగి రోగనిరోధక కణాలనే మార్చి తిరిగి ఎక్కించడం. కణాల మీది సీడీ19 అనే గుర్తును పట్టుకుంటుంది, లింఫోమా, ల్యుకేమియా అనే వేరే రక్త క్యాన్సర్లకు. మైలోమా కార్-టీ చికిత్సలు గురిపెట్టేది మైలోమా కణాల మీది బీసీఎంఏ అనే వేరే గుర్తుకు.

నొప్పికి డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ సొంతంగా వేయకండి, కిడ్నీలు దెబ్బతింటాయి. కాళ్లు పట్టు తప్పినా, మూత్రం బిగిసినా వెన్నుపాము నొక్కుకుపోతోందేమో. తెల్లారేదాకా ఆగకుండా ఎమ్మారై ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి.