పాత పువ్వుకి కొత్త రంగు

అమ్మడూ,

మా నాన్న వాడిన టేకు అచ్చులు అటక మీద నుంచి దించి, ఫొటోలు తీసి కంప్యూటర్లో రంగులు మార్చి చూస్తున్నావట, మీ నాన్న చెప్పాడు. సంతోషం. కానీ స్క్రీన్ మీద నచ్చిన రంగే పెడనలో గుడ్డ మీద దిగుతుందనుకోకు.

మన కలంకారీలో ఎరుపు పూసేది కాదు, ఉడికిస్తే వచ్చేది. కరక్కాయ, గేదె పాలు పట్టించిన గుడ్డ మీద నువ్వు అద్దేది పటిక; ఎరుపు తేలేది ఆ తర్వాత రంగు వేసి మరిగించే రాగి కాగులో. అందుకని కొత్త రంగు కోసం బజారుకి పరిగెత్తకు. పటిక పల్చన చేస్తే అదే కాగులోంచి గులాబీ వస్తుంది, పటికలో కాస్త నలుపు కలిపితే వక్కరంగు. తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన ఆ నలుపులోనే నీళ్లు పోసి చూడు, పావురం రెక్కలాంటి బూడిదరంగు. ముందు ఇదొక్కటే చెయ్యి: పువ్వు గీత నలుపు బదులు బూడిదలో వెయ్యి. అదే పువ్వా అంటారు.

నీ వయసులో నేను ఒకే చీర మీద తొమ్మిది రంగులు దించాను. కొట్టాయన అటూ ఇటూ తిప్పి "ఇది చీరా, తిరునాళ్లా?" అన్నాడు. రంగుకో అచ్చు కదా, నాలుగు అచ్చుల పువ్వుకి రెండే వెయ్యి, మిగతాది ఖాళీగా వదిలెయ్యి. ఇదొక్కటి నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

సంప్రదాయం చెడగొడుతున్నావని ఎవరైనా అంటే టెన్షన్ పడకు. 1643లోనే లండన్‌లోని ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్లు సూరత్‌లోని తమవాళ్లకి ఉత్తరం రాశారు, ఎర్ర నేల (పూల వెనకుండే గుడ్డ రంగు) దుప్పట్లు మాకు పోవట్లేదు, తెల్ల నేల ఎక్కువ ఉంచి మధ్యలో పూలకి రంగులు వెయ్యండని. కొనేవాడి కంటికి తగ్గట్టు నేల మారుస్తూనే వచ్చారు. గీతని మాత్రం ముట్టుకోకు, ఆ తీగ వంపు కంప్యూటర్లో సరిచేస్తే చచ్చిపోతుంది.

జానెడు ముక్కల మీద వేసి, ఏ ముక్కకి పటిక ఎంతో దాని అంచునే రాసి, మూడుసార్లు ఉతికాకే నిర్ణయించు. తడి మీద అన్నీ అందంగానే ఉంటాయి.

అన్నట్టు, ఆ అచ్చులు ఇన్నేళ్లు ఎండిపోయి ఉన్నాయి. ముందు ఓ పది రోజులు నూనెలో నాననివ్వు, లేకపోతే మొదటి దెబ్బకే చీలతాయి.

పెదనాన్న