ఛార్జ్ ఎక్కిన తుంపరతో కరెంటు: ఏ బ్రాంచి తీసుకోవాలి?

ప్రశ్న: మాది కడప జిల్లా యర్రగుంట్ల. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. వేడి వాయువులో ఛార్జ్ ఉన్న నీటి బిందువులను పంపి, టర్బైన్ లేకుండానే కరెంటు తీయొచ్చని చదివి, అదే చదువుతానని పట్టుబడుతున్నాడు. ఆ విద్య నిజంగా ఉందా? ఏ కోర్సులో చేర్పించాలి? ఉద్యోగం దొరుకుతుందా?

జవాబు: ఉంది. దాన్ని ఎలక్ట్రోగ్యాస్‌డైనమిక్స్ అంటారు. వేడి వాయువు నాజిల్‌లో వ్యాకోచించి వేగం అందుకుంటుంది. అందులోని సన్నటి తుంపరకు సూది మొనల దగ్గర ఛార్జ్ ఎక్కిస్తారు. విద్యుత్ క్షేత్రం ఆ బిందువులను వెనక్కి లాగుతుంటే, వాయువు ముందుకు నెట్టుకెళ్లి, ఛార్జ్‌ను అందుకునే లోహపు పలక (కలెక్టర్) దగ్గర దించుతుంది. ఆ నెట్టుడులో వాయువు కోల్పోయిన శక్తే కరెంటు. బిందువులే ఎందుకంటే, మీటరుకు 10 లక్షల వోల్టుల క్షేత్రంలో ఒట్టి అయాను సెకనుకు 150 నుంచి 200 మీటర్ల వేగంతో వెనక్కి జారిపోతుంది. బరువైన బిందువు అలా జారదు.

అయినా ఈ పద్ధతితో నడిచే విద్యుత్ కేంద్రాలు ఎందుకు లేవో మీ అబ్బాయి ఇప్పుడే తెలుసుకోవాలి. మామూలు గాలి మీటరుకు సుమారు 30 లక్షల వోల్టులు దాటితే తట్టుకోదు, స్పార్క్ వస్తుంది. ఆ హద్దులో ఒక ఘనపు మీటరులో క్షేత్రం నిలుపుకోగల శక్తి 40 జౌళ్లే. పీడనంగా చెబితే 40 పాస్కల్. వాతావరణ పీడనమేమో లక్ష పాస్కల్. అంటే ఒక్కో అంచెలో చేతికొచ్చేది పీడనంలో సుమారు రెండున్నర వేలో వంతు. వాయువును 30 రెట్ల పీడనానికి బిగిస్తే అది కాగితం మీద ఒక శాతం దాటుతుంది, అప్పుడు కూడా అంచెల మీద అంచెలు పేర్చాలి. దానికితోడు గొట్టం లోపలి గోడ తడిస్తే పుట్టిన కరెంటు ఆ తడి వెంటే వెనక్కి కారిపోతుంది. 1960లలో అమెరికాలో దీని మీద గట్టిగా పనిచేసిన మెరెడిత్ గోర్డీన్ అదే విద్యను పొగ తొలగించడానికి, పెయింట్ చల్లడానికి మళ్లించాడు.

మీకు నేను చెప్పదలచింది ఆ మళ్లింపు గురించే. ఈ పేరుతో డిగ్రీ గానీ, ఉద్యోగ ప్రకటన గానీ వెతక్కండి. ప్రవహించే వాయువులో ఛార్జ్ ఉన్న కణాల విద్య మీ ఊరి చుట్టూ రోజూ పనిచేస్తోంది. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రంలో పొగలోని బూడిదకు ఛార్జ్ ఎక్కించి లోహపు ప్లేట్ల మీద పట్టే ఈఎస్‌పీ (ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్) అదే. సిమెంటు ఫ్యాక్టరీల్లోనూ అవి కనిపిస్తాయి. వాటిని తయారుచేసే బీహెచ్ఈఎల్ యూనిట్ తమిళనాడులోని రాణిపేటలో ఉంది.

బ్రాంచి ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) తీసుకోమనండి. చిక్కుముడి ఇన్సులేషన్ దగ్గరే, అంటే స్పార్క్ రాకుండా, కరెంటు కారిపోకుండా ఆపడం దగ్గరే ఉంది కాబట్టి మెకానికల్ కన్నా అదే మేలని నా అభిప్రాయం. ఈఏపీసెట్ ర్యాంకు సరిపోతే అనంతపురం జేఎన్‌టీయూ కాలేజీ మంచి ఎంపిక. ఎక్కడ చేరినా హైవోల్టేజ్ ఇంజినీరింగ్ ఎలక్టివ్ ఉందో లేదో, మెకానికల్‌లో మైనర్ (పక్క బ్రాంచిలో అదనంగా కొన్ని సబ్జెక్టులు) చేసే వీలుందో లేదో చేరేముందే అడగండి. థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్ రాకపోతే ఈ రంగంలో సగమే అర్థమవుతుంది. తర్వాత ఎంటెక్ ప్రవేశానికి గేట్ పరీక్ష రాసి బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ మద్రాస్ లాంటి హైవోల్టేజ్ లాబ్ ఉన్న చోటికి వెళ్లాలి.

పరీక్షలయ్యాక వేసవిలో కెల్విన్ వాటర్ డ్రాపర్ చేయించండి, ఖర్చు తక్కువ. జారే నీటి చుక్కలతోనే ఛార్జ్ పోగుచేసే చిన్న పరికరం అది. రెండు డబ్బాలు, వాటి పైన రెండు లోహపు రింగులు. ఎడమ రింగును కుడి డబ్బాకు, కుడి రింగును ఎడమ డబ్బాకు తీగతో కలపాలి. నీటి ధార రింగు మధ్యలోనే చుక్కలుగా విడిపోవాలి. కింద విడిపోతే ఛార్జ్ ఎక్కదు. డబ్బాలను చెక్క మీద కాక పొడి ప్లాస్టిక్ మీద పెట్టాలి. తీగ కొసలు మొనదేలి ఉంటే ఛార్జ్ గాలిలోకి పోతుంది, వాటిని గుండ్రంగా వంచాలి. మల్టీమీటర్ పెట్టగానే ఛార్జ్ దాని గుండా ఖాళీ అవుతుంది, అందుకే స్పార్క్ దూకే దూరంతో కొలవాలి: ఒక మిల్లీమీటరుకు దాదాపు 3 వేల వోల్టులు. మన సీమ ఎండాకాలపు పొడిగాలి దీనికి బాగా నప్పుతుంది. ముసురు రోజున పనిచేయకపోతే తప్పు అబ్బాయిది కాదు. పాత టీవీల్లోని హైవోల్టేజ్ భాగాల జోలికి మాత్రం పోనివ్వకండి, ప్రాణాపాయం.

బీటెక్ రెండో ఏడాదిలో కాలేజీ లేఖతో ఈఎస్‌పీ చూడటానికి అనుమతి అడగొచ్చు. వెళ్లినప్పుడు ప్లేట్ల మీద పేరుకున్న బూడిదలో బ్యాక్ కరోనా (ఆ బూడిద పొరలోనే విద్యుత్ చిమ్మడం) ఎప్పుడు మొదలవుతుందో, అప్పుడు మీటర్లో కరెంటు పెరుగుతున్నా బూడిద పట్టడం ఎందుకు తగ్గుతుందో ఆపరేటర్‌ను అడగమనండి.