ప్లగ్గులు మార్చినా ఘాట్‌లో మిస్సింగ్ పోవడం లేదా? ఇంజిన్ దించే ముందు ఇవి చూడండి

మీది 2008 సాంట్రో జింగ్. ఊళ్లో బాగానే తిరుగుతోంది, అలిపిరి దాటి కొండెక్కేటప్పుడు మాత్రం మూడో గేరులో మిస్సింగ్ కొట్టి (ఏదో సిలిండర్‌లో పెట్రోలు అంటుకోకుండా తప్పిపోయి) జర్కులిస్తోంది. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు మార్చినా తగ్గలేదు, షెడ్డులో ఇంజిన్ దించాలంటున్నారు అని రాశారు. దయచేసి అప్పుడే దించనివ్వకండి. సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది.

ఊళ్లో లేని మిస్సింగ్ ఎక్కుడులో ఎందుకొస్తుంది? ఎక్సలేటర్ గట్టిగా తొక్కితే సిలిండర్‌లోకి గాలి, పెట్రోలు ఎక్కువగా వెళ్తాయి, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్ గ్యాప్ దాటి స్పార్క్ రావాలంటే ఎక్కువ వోల్టేజ్ కావాలి. ప్లగ్‌కు కరెంటు తెచ్చే వైరు, అంటే ప్లగ్ లీడ్, దాని ఇన్సులేషన్ ఎక్కడైనా చిట్లి ఉంటే కరెంటు కష్టమైన దారి వదిలేసి ఆ చీలిక గుండా ఇంజిన్ బాడీకి దూకుతుంది. గాలి లీకైతే తీరు వేరు: ఐడ్లింగ్‌లో వణుకుతుంది, తొక్కితే సర్దుకుంటుంది. పెట్రోలు చాలకపోతే కొట్టినట్టు జర్కు రాదు, ఎక్కేకొద్దీ బండి నీరసించిపోతుంది. మీరు రాసిన తీరు చూస్తే నాకు మొదటి అనుమానం కరెంటు లీకు మీదే.

నాదీ అదే కాలం నాటి, ప్లగ్ లీడ్లున్న పెట్రోల్ కారు. చిత్తూరు నుంచి పలమనేరు వెళ్లేటప్పుడు మొగిలి ఘాట్‌లో మీరు చెప్పినట్టే చేసేది, కార్తీకమాసం వానల్లో మరీ ఎక్కువ. ఒక షెడ్డులో పెట్రోల్ పంపు అన్నారు, ఇంకోచోట పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు అన్నారు. చివరికి చిత్తూరులో ఒక పాత మెకానిక్ పగలు చూడనన్నాడు, చీకటి పడ్డాక రమ్మన్నాడు. బానెట్ ఎత్తి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి, లైట్లార్పి, బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు వాడే స్ప్రే సీసాతో లీడ్ల మీద నీటి తుంపర కొట్టాడు. మూడో లీడ్ రబ్బరు టోపీ అంచు దగ్గర సన్నటి నీలం మెరుపు చిటపటలాడుతూ ఇంజిన్ పైభాగమైన హెడ్ మీదికి దూకడం కళ్లారా చూశాను. "ఇంజిన్ బాగుండాదినా, కరెంటే బయటికి పోతా ఉండాది" అన్నాడు. ఆ ప్లగ్ ఊడదీస్తే తెల్లటి పింగాణీ మీద పైనుంచి కిందికి వెంట్రుకంత నల్లటి గీత ఉంది. అది తుడిస్తే పోయే మసి కాదు, కరెంటు కాల్చిన దారి. అందుకే పాత లీడ్ ఉంచేసి కొత్త ప్లగ్ పెడితే కొన్నాళ్లకు దాని మీదా అదే గీత పడుతుంది. లీడ్ల సెట్టు, ఆ ప్లగ్ రెండూ కలిపి మార్చాకే ఘాట్‌లో బండి కుదురుగా ఎక్కింది.

మీరూ ఈ చీకటి పరీక్ష చేయండి, కానీ చేతులు దూరంగా ఉంచండి. లీడ్లలో వేల వోల్టులుంటాయి. ఇంజిన్ తిరుగుతుండగా లీడ్ లాగి చూసే పాత పద్ధతి ఇంజెక్షన్ బండికి వద్దు. షాక్ సంగతి అటుంచి స్పార్క్‌కు వోల్టేజ్ పుట్టించే కాయిల్ పోవచ్చు, కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి మండితే అదీ పోతుంది. ఆ కారణంగానే మిస్సింగ్ ఉండగా మళ్లీ మళ్లీ కొండెక్కించి పరీక్షించవద్దని నా మనవి.

మెరుపు కనిపించకపోతే ఏ సిలిండర్ పని చేయడం లేదో తేల్చాలి. ఐడ్లింగ్‌లో ఇంజెక్టర్ కనెక్టర్లు ఒక్కొక్కటే పీకి మళ్లీ పెట్టండి. దేన్ని పీకితే ఇంజిన్ శబ్దంలో తేడా రాదో అదే సిలిండర్. ఎక్కుడులో మాత్రమే మిస్సయ్యే బండికి ఐడ్లింగ్‌లో ఇది తేలకపోవచ్చు. అప్పుడు నాలుగు ప్లగ్గులూ తీసి పక్కపక్కన పెట్టి చూడండి, తేడాగా ఉన్నదే ఆనవాలు చెబుతుంది. తర్వాత అనుమానమున్న ప్లగ్‌ను పక్క సిలిండర్‌కు మార్చండి. మిస్సింగ్ కూడా దాంతోపాటు పక్కకు పోతే దొంగ దొరికినట్టే. లీడ్‌నీ, ఇంజెక్టర్‌నీ ఇలాగే మార్చి చూడొచ్చు. ఈ రకం ఇంజిన్లలో ఒకటి, నాలుగు సిలిండర్లకు ఒక కాయిల్, రెండు, మూడింటికి ఇంకో కాయిల్ ఉంటాయి కాబట్టి ఆ జతలో రెండూ మిస్సయితే కాయిల్‌ను అనుమానించండి. ఒకసారి ఒక్కటే మార్చాలి, లేకపోతే ఏది పని చేసిందో తెలియదు.

గ్యాస్ కిట్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే గ్యాస్ మీద ఒకసారి, పెట్రోలు మీద ఒకసారి నడిపి చూడండి. గ్యాస్ అంటుకోవడానికి స్పార్క్ బలంగా కావాలి కాబట్టి బలహీనమైన లీడ్ ముందు గ్యాస్ మీదే దొరికిపోతుంది.

ఏది మార్చినా మిస్సింగ్ అదే సిలిండర్‌లో నిలిచిపోతేనే కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) పరీక్ష దాకా వెళ్లాలి. నాలుగు సిలిండర్ల రీడింగులూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి బాగా తక్కువుంటే అందులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి. పెరిగితే తప్పు పిస్టన్ రింగులది, పెరగకపోతే వాల్వులదో హెడ్ గ్యాస్కెట్‌దో. షెడ్డువాళ్లు అప్పటికీ ఇంజిన్ దించాలంటే ఆ నాలుగు రీడింగులూ కాగితం మీద రాయించుకుని ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.