వ్యాపారం పెరిగింది... ఓపిక తరిగింది. ఇది జబ్బేనా?

ప్రశ్న: మాది చిత్తూరు. వయసు 38. మామిడి గుజ్జు యూనిట్ నడుపుతున్నాను. నిరుడు రెండో లైను వేశాక పని రెట్టింపైంది. సీజన్‌లో రోజుకు నాలుగు గంటలే నిద్ర. సీజన్ ముగిసి మూడు నెలలైనా అలసట తీరలేదు. యూనిట్‌కు వెళ్లాలంటేనే విసుగు, చిన్న మాటకే కోపం. ఇది జబ్బేనా?

జవాబు: సీజన్ అలసటే అయితే ఈపాటికి తీరిపోవాలి. ఎడతెగని పని ఒత్తిడి వల్ల శక్తి ఉడిగిపోవడం, పనిపై విరక్తి కలగడం, పనితీరు మందగించడం అనే మూడు లక్షణాలున్న స్థితిని బర్నవుట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ జాబితా ఐసీడీ-11లో దీన్ని జబ్బుగా కాక, వృత్తిపరమైన స్థితిగానే పేర్కొంది. అయితే థైరాయిడ్ లోపం, రక్తహీనత, మధుమేహం, బి12 లోపం కూడా ఇలాగే నీరసపరుస్తాయి కాబట్టి, ముందు ఫిజీషియన్‌ను కలిసి ఆ రక్తపరీక్షలు చేయించుకోండి, బీపీ చూపించుకోండి. గురక ఉంటే ఆ సంగతీ చెప్పండి.

పరీక్షల్లో ఏమీ తేలకపోతే, మార్చుకోవలసింది పని పద్ధతినే. జూన్, జూలైలలో ఫ్యాక్టరీల ముందు రాత్రంతా బారులు తీరే ట్రాక్టర్లను చూసే ఊళ్లో ఉండి, 'సీజన్‌లో తీరిక చేసుకోండి' అని చెప్పడం నాకు న్యాయమనిపించదు. పండిన కాయ ఎవరి కోసమూ ఆగదు. కానీ కాయ తూకం, రైతుల చెల్లింపులు, బాయిలర్ మరమ్మతు, కూలీల షిఫ్టులు అన్నీ మీ ఫోన్‌కే రావాలన్న నియమం మాత్రం లేదు. ఇంతవరకు ఖర్చుకు అనుమతి మీరొక్కరే ఇస్తుంటే, ఒక పరిమితి వరకు ఆ అధికారాన్ని సూపర్‌వైజర్‌కు రాతపూర్వకంగా అప్పగించండి. నమ్మకస్తుడైన మరొకరితో రాత్రి బాధ్యతను రోజు మార్చి రోజు పంచుకోండి. పెద్దలకు కనీసం ఏడు గంటల నిద్ర అవసరం. టీలోని కెఫీన్‌లో సగం సుమారు ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది కనుక, నిద్రకు ఎనిమిది గంటల ముందే టీ ఆపేయండి. ఈ ఏర్పాట్లు ఒక సీజన్ నిలబడేదాకా మూడో లైను ఆలోచన వద్దని నా గట్టి సలహా.

విసుగు యూనిట్‌కే పరిమితం కాక, పిల్లలతో గడపడంలోనూ సంతోషం లేకుండా రెండు వారాలు దాటితే అది డిప్రెషన్ కావచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టును కలవండి. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆ క్షణమే ఇంట్లోవాళ్లకు చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. అది ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.