మెకానికల్ బీటెక్ చేసి గ్రూప్స్ రాస్తున్నాను, ఇంట్లో సాఫ్ట్‌వేర్ కోర్సు చేయమంటున్నారు. నాకు సరిపడే పని ఏదో ఎలా తెలుస్తుంది?

మీ ప్రశ్న చదవగానే మా అశోక్‌నగర్ గది గుర్తొచ్చింది. నేనూ మెకానికలే. మాది ఖమ్మం దగ్గర పల్లె. 2020లో బీటెక్ అయింది. కరోనా పుణ్యమా అని క్యాంపస్‌కి వస్తామన్న కంపెనీలేవీ రాలేదు. ఏడాది ఖాళీగా ఉండి గ్రూప్స్ కోసం హైదరాబాద్ బస్సెక్కాను. పొద్దున చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ కోసం పరుగు, సాయంత్రం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో టీ, మధ్యలో ఇండియన్ పాలిటీ. 2022 అక్టోబర్ 16న గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశాం. పేపర్ లీకై మార్చిలో రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ రాశాం. సెప్టెంబరులో అదీ కోర్టులో పోయింది. ఆ రాత్రి గదిలో నలుగురం ఉన్నాం, ఎవరూ అన్నం వండలేదు.

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్తాను. రెండోసారి రద్దయినప్పుడు నాకు లోలోపల హమ్మయ్య అనిపించింది. సిగ్గేసింది కూడా. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది, నాకు డిప్యూటీ కలెక్టర్ అన్న పిలుపు ఇష్టం. ఆ మనిషి పొద్దుట్నుంచి సాయంత్రందాకా ఏం చేస్తాడో తెలియదు. తెలుసుకుందామనీ అనుకోలేదు. పరీక్షకు రెండేళ్లు చదివాను గానీ, మా మండల ఆఫీసులో రెండు గంటలు కూర్చుని చూడలేదు.

ఊరికొచ్చేశాక మిర్చి సీజన్ వచ్చింది. ధర వచ్చేదాకా ఆగుదామని నాన్న తేజ కాయను కోల్డ్ స్టోరేజీలో పెడుతుంటే బస్తాలతో నేనూ వెళ్లాను. అక్కడ గదుల్ని చల్లబరచడానికి వాడే అమ్మోనియా గ్యాసు ఎక్కడో లీకవుతోందని దింపుడు ఆపేశారు. ప్లాంటు చూసే పెద్దాయన గంధకం వత్తి వెలిగించి పైపుల వెంట మెల్లగా తిప్పుతున్నాడు. ఒక వాల్వు దగ్గరికి రాగానే తెల్లటి పొగ లేచింది. ‘ఇక్కడే’ అన్నాడు. రెఫ్రిజిరేషన్ సైకిల్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే, దాని వాసన ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. మర్నాడు బస్తాలు లేకపోయినా వెళ్లాను. పది రోజులకు హెల్పర్‌గా చేరాను, నెలకు 12 వేలు.

నా దారి దొరికింది అని అప్పుడేం అనిపించలేదు. మొదటి నెలంతా కళ్లు మండేవి. నైట్ డ్యూటీలు. ‘బీటెక్ చదివి ఐస్ ఫ్యాక్టరీలోనా’ అని మా మేనత్త ఇప్పటికీ అంటుంది. కానీ గంట గంటకూ లాగ్‌బుక్‌లో ప్రెజర్లు రాసే పని ఒకటుంటుంది, అందరూ తప్పించుకునేది. అది నాకు విసుగనిపించలేదు. వరసగా రాస్తుంటే హెడ్ ప్రెజర్, అంటే కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గ్యాసు ఒత్తిడి, రోజురోజుకీ పెరుగుతోందని కనిపించింది. విప్పి చూస్తే ఆ గ్యాసును చల్లార్చే కండెన్సర్ ట్యూబులకు బోరునీళ్ల ఉప్పు గారలా పట్టి ఉంది. శుభ్రం చేయించాం, ఆ తర్వాత కరెంటు బిల్లు తగ్గింది. పాలిటీ పుస్తకంలో మాత్రం ఇంకెన్ని పేజీలున్నాయా అని లెక్కపెట్టుకునేవాణ్ణి.

అందుకే ‘ప్యాషన్’ వెతుక్కోండి అని మీకు చెప్పను. ఆ మాటతో నాకు రెండేళ్లు పోయాయి. ప్రతి పనిలోనూ చప్పగా సాగే గంటలే ఎక్కువ. ఆ గంటలు మీరు భరించగలరో లేదో పక్కన కూర్చుని చూడందే తెలియదు. గ్రూప్స్ అంటే, ఉద్యోగంలో చేరి మూడేళ్లయిన ఒకరిని పట్టుకోండి. ర్యాంకు ఎలా వచ్చిందని అడగొద్దు, నిన్న ఆఫీసులో ఏం చేశావని అడగండి. మా గదిలో ఒకడు గ్రూప్-4లో జూనియర్ అసిస్టెంట్ అయ్యాడు. పాత జీవోలు సరదాగా చదివే రకం వాడు. వాడికి అది సరిగ్గా అతికింది.

సాఫ్ట్‌వేర్ అయితే ఫీజు కట్టకముందే నెల రోజులు ఇంట్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో కుస్తీ పట్టండి. ఫ్రీగా దొరికేవి చాలు. అమీర్‌పేట డెమో క్లాసు విని మాత్రం నిర్ణయించుకోకండి, మంచి ఫ్యాకల్టీ చెప్తే ఏదైనా సులువుగానే ఉంటుంది. ఒక ఎర్రర్ పోక రెండు గంటలు కూర్చున్నప్పుడు ల్యాప్‌టాప్ మూసేయాలనిపిస్తోందా, అన్నం వేళ దాటిపోతోందా, అది చూసుకోండి. సొంత బ్రాంచిలోనే ఉండాలంటే కేంద్రం నడిపే నాట్స్ పోర్టల్‌లో ఏడాది అప్రెంటిస్‌షిప్‌లు ఉంటాయి, స్టైపెండ్ ఇస్తారు. బీటెక్ అయిన కొన్నేళ్లలోపే అర్హత, ముందు అది సరిచూసుకోండి.

ఇంకొకటి, డబ్బు. నేను గదిలో ఉన్నన్నాళ్లూ నాన్న ఎక్కడ తెచ్చి పంపుతున్నాడో అడగలేదు. మీరు అడగండి. ఎన్ని నెలలు పంపగలరో తేలితే ఒక తేదీ మీరే పెట్టుకుని ఇంట్లో చెప్పండి. ‘ఇంకో నోటిఫికేషన్ చూస్తా’ అంటే ఎవరికైనా భయమే. ‘వచ్చే జూన్ దాకా’ అంటే మా నాన్నలాంటి మనిషి కూడా ఊరుకుంటాడు.

నా జీతం ఇప్పుడు 34 వేలు. సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లిన నా రూమ్మేట్‌ది దీనికి రెండింతలు పైనే. అది దాచి చెప్పడం న్యాయం కాదు. పండక్కి వాడు కారులో వస్తే కాస్త కలుక్కుమంటుంది కూడా. మళ్లీ డ్యూటీకెళ్లి కంప్రెసర్ చప్పుడు విన్నాక ఆ సంగతి గుర్తుండదు.

మీది ఏ ఊరో రాయలేదు. ఖమ్మం చుట్టుపక్కలైతే ఎండు మిర్చి సీజన్‌లో వచ్చి ఒక రాత్రి షిఫ్టు నాతో కూర్చోండి. ముందే చెప్పండి, ఓనరుగారిని అడిగి పెడతాను. చెప్పులతో రావద్దు, బూట్లు వేసుకురండి.