ప్రశ్నలు – జవాబులు: బోర్డు మీద ఏముందో కెర్నల్‌కు చెప్పే డివైస్ ట్రీ

ప్రశ్న: వేరుశనగ చేనులో నేల తేమను నమోదు చేయడానికి రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డు పెట్టాము. అక్కడ ఇంటర్నెట్ లేదు కాబట్టి కరెంటు పోయి వచ్చినప్పుడల్లా టైము తప్పుతోంది. అందుకని డీఎస్3231 అనే గడియారం చిప్‌ను, చిప్‌లు మాట్లాడుకునే ఐ2సీ అనే రెండు తీగలకు కలిపాము. మౌస్ పెట్టగానే గుర్తుపట్టే లైనక్స్ దీన్ని ఎందుకు గుర్తుపట్టదు? చిప్ పాడైందా?
– డిప్లొమా విద్యార్థి, అనంతపురం

జవాబు: చిప్ పాడైందని అప్పుడే తేల్చుకోకండి. యూఎస్‌బీ పరికరం తానెవరో తానే చెప్పుకుంటుంది. లైనక్స్‌లో పరికరాలను నడిపే మూల భాగమైన కెర్నల్ అడగగానే తయారీదారు సంఖ్యనూ తన సంఖ్యనూ ఇస్తుంది, వాటిని బట్టి కెర్నల్ సరైన డ్రైవర్‌ను, అంటే ఆ పరికరాన్ని నడిపే ప్రోగ్రాంను వెతుక్కుంటుంది. ఐ2సీలో ఈ ఏర్పాటు లేదు. ఒక చిరునామాకు పిలిస్తే ఎవరో పలికారని తెలుస్తుందే తప్ప, పలికినది ఏ చిప్పో తెలియదు. మీ గడియారం చిరునామా హెక్సాడెసిమల్‌లో (పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో) 68. ఎంపీయూ6050 అనే చలన సెన్సర్ కూడా మామూలుగా అదే చిరునామాకు పలుకుతుంది. ఈ పరిస్థితిలో కెర్నల్ ఊహించి డ్రైవర్‌ను తగిలిస్తే, ఒక చిప్‌లో రాయవలసిన విలువలను మరో చిప్‌లో రాసే ప్రమాదం ఉంది. ఊహించకపోవడమే మంచిది.

అందుకే బోర్డు మీద ఏమేమి ఉన్నాయో ముందుగా రాసి ఇవ్వాలి. ఆ రాతే డివైస్ ట్రీ. సర్వే నంబరు, విస్తీర్ణం, నీటి ఆధారం అన్నీ అడంగల్‌లో నమోదై ఉన్నట్టే, ప్రతి పరికరం పేరు, చిరునామా, అది ప్రాసెసర్‌ను పిలవడానికి వాడే ఇంటరప్టు అనే సంకేతం, దాని పని లయ కోసం అందే క్లాకు సంకేతం, విద్యుత్తు వివరాలు ఇందులో కొమ్మలు కొమ్మలుగా నమోదై ఉంటాయి. మీ గడియారానికి ఐ2సీ కంట్రోలర్ కింద ఒక చిన్న నోడ్ (కొమ్మ) చాలు. అందులో 'రెగ్' అనే చోట 68 అన్న చిరునామా, 'కంపాటిబుల్' అనే చోట తయారీదారు పేరు, కామా, చిప్ పేరు ఉంటాయి. కెర్నల్ ఈ రెండో మాటను తన డ్రైవర్ల పట్టికలతో పోల్చి చూస్తుంది. చిప్ పేరులో ఒక్క అక్షరం తప్పినా జోడీ కుదరదు. పైగా తప్పు జరిగిందన్న హెచ్చరిక కూడా సాధారణంగా రాదు, పరికరం కనిపించకుండా పోతుంది, అంతే. విద్యార్థులు రోజుల తరబడి తీగలను అనుమానించేది ఇక్కడే.

ఈ రాతను డీటీసీ అనే కంపైలర్ బైనరీగా మారుస్తుంది. బోర్డు ఆన్ కాగానే కెర్నల్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్ దాన్ని మెమరీలో పెట్టి, ఎక్కడ పెట్టిందో కెర్నల్‌కు చెబుతుంది. 64 బిట్ల ఏఆర్‌ఎమ్ రకం ప్రాసెసర్లలో ఆ చిరునామా ఎక్స్0 అనే రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ చోటులో) వస్తుంది, ఆ బైనరీ 2 మెగాబైట్లు దాటకూడదు. మీ బోర్డులో మొత్తం ట్రీని తిరగరాయనక్కరలేదు. బూట్ విభాగంలోని కాన్ఫిగ్ ఫైలులో ఐ2సీని ఆన్ చేసి, ఐ2సీ-ఆర్‌టీసీ అనే ఓవర్లేను (ఉన్న ట్రీకి జోడించే చిన్న ముక్కను) డీఎస్3231 పేరుతో చేర్చి, బోర్డును తిరిగి ఆన్ చేయండి. తరువాత ఐ2సీడిటెక్ట్ ఆదేశం ఇస్తే 68 ఉండవలసిన చోట 'యూయూ' అని కనిపించాలి. ఆ చిప్‌ను డ్రైవర్ తన అధీనంలోకి తీసుకున్నదని దాని అర్థం. 68 అనే అంకె అలాగే ఉంటే తీగలు బాగున్నాయి, వివరణలోనే లోపం ఉంది. ఏమీ కనిపించకపోతే అప్పుడు తీగలు చూడండి.

ప్రశ్న: మా ల్యాబ్ డెస్క్‌టాప్‌లలో డివైస్ ట్రీ కనబడదు. ఏఆర్‌ఎమ్ బోర్డులకే ఇది ఎందుకు? ఆ చిరునామాలను కెర్నల్ కోడ్‌లోనే రాసేస్తే సరిపోదా?
– బీటెక్ విద్యార్థిని, కడప

జవాబు: డెస్క్‌టాప్‌లలో ఈ పనిని మదర్‌బోర్డులో ముందే ఉండే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాం ఇచ్చే ఏసీపీఐ అనే హార్డ్‌వేర్ వివరాల పట్టికలు చేస్తాయి. మీరు చెప్పిన పద్ధతిలోనే ఏఆర్‌ఎమ్ లైనక్స్ చాలాకాలం నడిచింది: బోర్డుకొక సీ భాష ఫైలు చొప్పున కెర్నల్‌లోకి చేరుతూ పోయాయి. 2011 మార్చిలో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఈ ఏఆర్‌ఎమ్ కోడ్ గందరగోళంపై గట్టిగా అభ్యంతరం చెప్పిన తరువాత, పవర్‌పీసీ అనే మరో రకం ప్రాసెసర్ల లైనక్స్‌లో అప్పటికే వాడుకలో ఉన్న డివైస్ ట్రీ వైపు ఏఆర్‌ఎమ్ వేగంగా మళ్లింది. దీని మూలం ఇంకా పాతది. 1994 నాటి ఐఈఈఈ 1275 ప్రమాణమైన ఓపెన్ ఫర్మ్‌వేర్‌లో ఉంది. దీనివల్ల కలిగిన లాభం గొప్పది: ఒకే కెర్నల్ బైనరీ, ఇచ్చిన ట్రీని బట్టి వేర్వేరు బోర్డుల మీద నడుస్తుంది.

ప్రశ్న: మా వాతావరణ కేంద్రం ప్రాజెక్టులో సెన్సర్‌ను పది నిమిషాలకొకసారి చదవాలన్న సంగతిని కూడా డివైస్ ట్రీలో రాయవచ్చా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కర్నూలు

జవాబు: రాయకండి. ట్రీలో ఉండవలసినది బోర్డు ఎలా తయారైందన్న వివరమే కాని, దానితో మీరేం చేయదలిచారన్నది కాదు. రేపు పది నిమిషాలను ఐదుగా మార్చాలనుకుంటే బోర్డులో ఏమీ మారదు కదా, అలాంటప్పుడు ట్రీ ఎందుకు మారాలి? ఆ విలువ మీ ప్రోగ్రాం సెట్టింగుల ఫైలులో ఉండాలి. సెన్సర్ వోల్టేజీని అంకెగా మార్చే ఏడీసీ చిప్‌కు పోలిక కోసం వాడే రిఫరెన్స్ వోల్టేజీ ఎక్కడి నుంచి అందుతున్నదన్నది మాత్రం తీగల్లో ఉన్న నిజం. దాన్ని తప్పకుండా ట్రీలో రాయండి.